తల పట్టు, మర పట్టు

తొమ్మిది కాళ్ల ట్రాక్టరు గొర్రుకు కర్రులు బిగించే బోల్టులే పద్దెనిమిది ఉంటాయి, కాలికి రెండు చొప్పున. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో వేసవి దుక్కులు ఒక దఫా అయ్యేసరికి ఆ కర్రుల మొనలు అరిగి మొద్దుబారతాయి. కర్రుకు రెండు కొసలా మొన ఉంటుంది కాబట్టి దాన్ని ఊడదీసి, తలకిందులు చేసి మళ్లీ బిగిస్తే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. పని చిన్నదే. కాకపోతే ఆ పద్దెనిమిదిలో ఏదో ఒకటి మొండికేస్తుంది. పానా వేసి నట్టును తిప్పితే బోల్టు కూడా దాంతోపాటే తిరుగుతుంది. నట్టు ఒక్క చుట్టు కూడా ముందుకు పోదు, వెనక్కీ రాదు.

"అన్నా, బోల్టు కూడా తిరుగుతోంది" అంటాడు పనిలో ఉన్న కుర్రాడు.

"తల పట్టుకోరా" అంటాడు మెకానిక్కు.

పట్టుకోవడానికి అక్కడ తల ఉంటేగా! ఆ బోల్టు తల గరాటులా ఏటవాలుగా ఉండి కర్రు లోపలికి ఇమిడిపోతుంది. మట్టికి అడ్డం రాకూడదని అలా చేస్తారు. పైకి కనిపించే కాస్త భాగాన్నీ నేల రాసి రాసి నున్నగా చేసేసి ఉంటుంది.

ఇది ఒక్క గొర్రుకే వచ్చే బాధ కాదు. పత్తి జిన్నింగ్ మిల్లులో, కారం పట్టే మరలో, ఆటోనగర్‌లో లారీ స్టీరింగు కింద, ట్రాక్టరు తొట్టి చెక్కపలకల దగ్గర, ప్రతిచోటా ఇదే గొడవ. ఒక్కో మెకానిక్కు దగ్గర ఒక్కో చిట్కా ఉంటుంది. ఒకాయన ఉలి దూరుస్తాడు, ఒకాయన జాకీ పెడతాడు, ఇంకొకాయన డీజిల్ పోసి రేపు రమ్మంటాడు. దేనికది వేరుగా కనిపించే ఈ చిట్కాలన్నిటి వెనకా ఒకే లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే ఏ బోల్టుకు ఏ చిట్కా పనిచేస్తుందో ముందే చెప్పవచ్చు.

మనం పానాతో తిప్పేది నట్టును. బోల్టును ఎవరూ తిప్పడం లేదు. మరి అదెందుకు తిరుగుతుంది? నట్టు లోపలి మర బోల్టు మీది మరను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి బోల్టును తనతో లాక్కుపోవాలని చూస్తుంది. దీన్ని మర పట్టు అందాం. రెండో కొసన బోల్టు తల ఇనుప పలకను అదిమిపట్టి ఉంటుంది. అక్కడి రాపిడి బోల్టును కదలనివ్వదు. ఇది తల పట్టు. తల పట్టు నెగ్గితే బోల్టు నిలబడుతుంది, నట్టు బిగుస్తుంది. మర పట్టు నెగ్గితే రెండూ కలిసి తిరుగుతాయి.

ఈ పోటీలో ఎవరి బలం ఎంతో చూడాలంటే అసలు బిగించడమంటే ఏమిటో తెలియాలి. బోల్టును గట్టి స్ప్రింగు అనుకోండి. నట్టు తిరిగేకొద్దీ బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ దగ్గరకు ముడుచుకోవాలని చూస్తూ మధ్యలో ఉన్న పలకల్ని అదిమిపెడుతుంది. ఆ బిగువే మనకు కావలసింది. తల మీద 8.8 అని గుర్తున్న 12 మిల్లీమీటర్ల బోల్టును సరిగ్గా బిగిస్తే అందులో నిలిచే బిగువు దాదాపు 3,700 కిలోల బరువుకు సమానం. గుంటూరు మిర్చి యార్డులో 45 కిలోల టిక్కీలు ఎనభైకి పైగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ ఒక్క బోల్టుకు వేలాడదీసినట్టు. ఇంత బిగువు తెచ్చేందుకు కావలసిన టార్క్ సుమారు 88 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పొడవున్న పానా కొసన 36 కిలోల బలంతో లాగితే చాలు.

అయితే మన చేతి బలంలో ఎక్కువ భాగం బోల్టును సాగదీయడానికి పోదు. దాదాపు సగం నట్టు అడుగున రాపిడికి పోతుంది. నూటికి నలభై వంతులు మరల రాపిడికి పోతాయి. మిగిలిన పది వంతులే బిగువుగా మారతాయి. బోల్టు బిగింపు శాస్త్రం చాలావరకు రాపిడి శాస్త్రమే.

ఈ రాపిడికి రెండు సూత్రాలు చెప్పినవాడు ఫ్రాన్స్ దేశపు గియోమ్ అమోంటోన్. 1699లో ఆయన తేల్చింది ఇది: అదిమే బలం ఎంత పెరిగితే రాపిడి అంత పెరుగుతుంది, తాకే వైశాల్యంతో దానికి నిమిత్తం లేదు. తర్వాతి శతాబ్దంలో కూలూంబ్ అనే శాస్త్రవేత్త దీన్ని ఇంకా విస్తారంగా పరీక్షించాడు. మన బోల్టుకు దీన్ని అన్వయిస్తే రెండు సంగతులు తేలతాయి. బిగువు పెరిగేకొద్దీ తల పట్టూ పెరుగుతుంది, మర పట్టూ పెరుగుతుంది. కాబట్టి గెలుపు బిగువును బట్టి కాదు, తాకే చోటు ఎంత గరుకు, రాపిడి ఇరుసుకు ఎంత దూరంలో జరుగుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అదే 12 మిల్లీమీటర్ల బోల్టును తీసుకుని లెక్క వేద్దాం. పందొమ్మిది నంబరు పానా పట్టే తల, 13 మిల్లీమీటర్ల రంధ్రం, 1.75 మిల్లీమీటర్ల మర. శుభ్రంగా ఉన్న పొడి ఇనుముకు రాపిడి గుణకం 0.15 అనుకుందాం. బోల్టులో ప్రతి 100 న్యూటన్ల బిగువుకు తల పట్టు 120 న్యూటన్ మిల్లీమీటర్లు వస్తుంది. మర దగ్గర రాపిడి 94. కానీ మర అంటే కడ్డీ చుట్టూ చుట్టిన ఏటవాలు దారి. బిగించేటప్పుడు నట్టు ఆ వాలు ఎక్కాలి. ఆ ఎక్కుడుకు మరో 28. మొత్తం 122.

120కి ఎదురు 122! కొత్త బోల్టుకే, శుభ్రమైన మరకే, రెండు పట్లూ దాదాపు సరిసమానం. రెండు పానాలు లేకుండా పనిలోకి దిగని మెకానిక్కు ఈ లెక్క వేసి ఉండకపోవచ్చు, కానీ దాని ఫలితం ఆయన చేతికి తెలుసు. పోటీ సమానంగా ఉన్నప్పుడు ఎటు మొగ్గుతుందో చెప్పలేం కాబట్టి తలకు ఒక పానా వేసి పెట్టుకుంటాడు.

వదులు చేసేటప్పుడు లెక్క మారుతుంది. ఇప్పుడు నట్టు వాలు దిగుతోంది. 94లోంచి 28 తీసేస్తే మర పట్టు 66కు పడిపోతుంది. తల పట్టు 120 అలాగే ఉంది. అందుకే బాగా బిగిసిన నట్టును విప్పేటప్పుడు మొదటి పావు చుట్టుకు బోల్టు కదలదు. బిగువంతా పోయి నట్టు వదులయ్యాకే తిరగడం మొదలవుతుంది.

ఇక తుప్పు పట్టిన మర సంగతి. రాపిడి గుణకం 0.3కు పెరిగిందనుకోండి. బిగించేటప్పుడు మర పట్టు 216 అవుతుంది. తల 120 దగ్గరే ఉంది. బోల్టు తిరగక ఏం చేస్తుంది? మరకు మాత్రం గ్రీజు రాసి గుణకాన్ని 0.10కి దించితే మర పట్టు 91కి దిగుతుంది. ఇప్పుడు తలదే గెలుపు.

నూనె మరకు రాయాలి, తల అడుగున కాదు. హడావుడిలో బోల్టు మొత్తాన్ని పాత ఇంజనాయిల్ డబ్బాలో ముంచి తీస్తే రెండు పట్లూ కలిసి తగ్గుతాయి. అలా చేస్తే పోటీ మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో అపోహ కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. తల కింద పెద్ద వాషరు వేస్తే పట్టు పెరుగుతుందని చాలామంది నమ్మకం. కానీ తల వాషరు మీదే జారగలదు. అలా జారినప్పుడు లెక్కలోకి వచ్చేది తల వెడల్పే, వాషరు వెడల్పు కాదు. తలకే పళ్లెంలాంటి అంచు పోతపోసినట్టు కలిసి ఉండే బోల్టులు వేరు. వాటిలో రాపిడి ఇరుసుకు దూరంగా జరుగుతుంది కాబట్టి తల పట్టు నిజంగానే పెరుగుతుంది.

ఇంతవరకూ బోల్టులో కాస్తయినా బిగువు ఉందనుకుని లెక్క వేశాం. గొర్రు దగ్గర కుర్రాణ్ణి ఏడిపించే బోల్టులో అసలు బిగువే లేదు. నట్టు ఇంకా పలకను తాకలేదు, లేదా విప్పుతుండగా పలకను వదిలేసింది. బిగువు సున్నా అయితే తల పట్టు కూడా సున్నా. మర పట్టు మాత్రం సున్నా కాదు, ఎందుకంటే మరల సందులో తుప్పూ మట్టీ ఇరుక్కుని ఉన్నాయి. నైలాన్ చుట్టు ఉన్న నట్టుకూ ఇదే వర్తిస్తుంది. అది కావాలనే మరను పట్టుకుని ఉండేలా తయారైంది కనుక తలకు పానా వేయకుండా దాన్ని బిగించాలని చూడటం వృథా.

ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి. అందులో తుప్పు ఉబ్బితే ఇక చోటుండదు. మన ప్రాంతంలో తుప్పుకు తిండి ఎక్కువ. నల్లరేగడి తేమను అంత త్వరగా వదలదు, గొర్రుకు అంటుకున్న మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పొటాష్ ఎరువులో క్లోరైడు ఉంటుంది. మిరపకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడులో క్లోరైడుతోపాటు రాగి కూడా ఉంటుంది. రాగి లవణాలు ఇనుము తినిపోవడాన్ని ఇంకా తొందర చేస్తాయి. ఎరువు వేసే సీడ్ డ్రిల్ బోల్టులూ, పక్కనే ఉన్న స్ప్రేయరు బోల్టులూ గొర్రు బోల్టుల కన్నా ముందు పట్టేయడానికి కారణం ఇదే. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలి దీనికి అదనం.

రాపిడి ఒక్కదాన్నే నమ్ముకోకూడదని గొర్రు బోల్టు తయారుచేసినవాళ్లకు తెలుసు. అందుకే దాని మెడను చతురస్రంగా చేశారు. కర్రులో రంధ్రం కూడా చతురస్రమే. మూలలు మూలల్లో ఇరుక్కుంటే బోల్టు తిరిగే ప్రసక్తే లేదు. తొట్టి పలకలకు వేసే గుండుతల బోల్టులోనూ ఇదే ఏర్పాటు, అక్కడ మెడ చెక్కలోకి దిగి పట్టుకుంటుంది. చెక్క పుచ్చితే ఆ పట్టు పోతుంది. గొర్రులో అయితే ప్రతి బండరాయీ, ప్రతి ఎండుగడ్డా కర్రును ఊపుతుంది, మూలలు కొద్దికొద్దిగా గుండ్రబడతాయి. చివరికి చతురస్రం పేరుకే మిగులుతుంది.

అయినా ఆ బోల్టుకు ఇంకో బలం ఉంది. దాని తల ఏటవాలు. ఏటవాలు తలను గుంటలోకి లాగితే అది చీలికలా బిగుసుకుంటుంది. లాగిన బలం కన్నా గోడల మీద పడే బలం ఎక్కువ. తల కోణం 90 డిగ్రీలైతే సుమారు 1.4 రెట్లు. అంటే సమతలంగా ఉండే తలకు 120 వచ్చే చోట దీనికి దాదాపు 170 వస్తుంది. లాగే బలమంటూ ఉంటేనే సుమా.

ఆ బలాన్ని మనం బయటి నుంచి ఇవ్వవచ్చు. ఉలి చిట్కా అదే. నట్టుకూ గొర్రు కాలికీ మధ్య బల్లపరుపు ఉలినో, లావాటి స్క్రూడ్రైవరునో దూర్చి మెలిపెడితే నట్టు బయటికి నెట్టబడుతుంది. నట్టు బోల్టును లాగుతుంది, బోల్టు తల గుంటలో కూరుకుంటుంది. పోయిన బిగువు తిరిగి వచ్చినట్టే. ఇప్పుడు విప్పితే, మరకు ముందే డీజిలో కిరోసినో పట్టించి ఉంటే, 66కు ఎదురు 170. తుప్పు బిగింపు ఎంత మొండిదైనా ఉలిని గట్టిగా మెలిపెట్టేకొద్దీ ఈ తేడా పెరుగుతూ దాన్ని దాటిపోతుంది.

నా ఉద్దేశంలో ఇంతకన్నా మంచి చిట్కా జాకీది. ఉలి పెట్టినప్పుడు బలం తల మీదా పడుతుంది, మర మీదా పడుతుంది. తలను బయటి నుంచే సి-క్లాంపుతోనో జాకీతోనో అదిమితే ఆ బలమంతా తల మీదే పడుతుంది, మర మీద ఏమీ పడదు. అంటే ఒక పట్టు పెరుగుతుంది, రెండోది పెరగదు. లారీ స్టీరింగులో టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు దీన్ని చూడవచ్చు. దాని కడ్డీ కొంచెం ఏటవాలుగా ఉండి చేతిలాంటి భాగంలోని రంధ్రంలో కూర్చుంటుంది. తలకు పానా పట్టదు, ఎందుకంటే తల అన్నది ఒక గుండు, అది డబ్బాలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. నట్టు బిగిస్తుంటే కడ్డీ తిరుగుతూనే ఉంటుంది. అనుభవమున్న మెకానిక్కు పానాతో కుస్తీ పట్టడు. కింద జాకీ పెట్టి కడ్డీని రంధ్రంలోకి నొక్కి, రెండు చుట్లు బిగిస్తాడు. ఏటవాలు ఒకసారి కరిచిందంటే జాకీ తీసేసినా కడ్డీ కదలదు.

జాకీ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. ట్రాక్టరు హైడ్రాలిక్ లిఫ్టు మీద ఎత్తి ఉంచిన గొర్రు కిందికి ఎప్పుడూ దూరవద్దు. దాన్ని నేలకు దించాలి, లేదా కింద గట్టి దిమ్మెలు పెట్టి ఇంజను ఆపాలి. లివరు తగిలినా, ఆయిలు పైపు పగిలినా ఆ బరువు క్షణంలో దిగుతుంది.

టైరు షాపులో ఎయిర్ గన్నుది మరో దారి. అది సమంగా తిప్పదు, దెబ్బ మీద దెబ్బ కొడుతుంది. ఒక్కో దెబ్బ రెప్పపాటులో వందోవంతు కూడా ఉండదు. అంత తక్కువ వ్యవధిలో బోల్టు తన జడత్వం వల్ల వేగం అందుకోలేదు, నట్టు మాత్రం కాస్త జరుగుతుంది. గన్ను లేనివాళ్లు పానా కొసను సుత్తితో చటుక్కున కొట్టేదీ ఇందుకే. బాగా పట్టేసిన మర దగ్గర మాత్రం ఇది పనిచేయదు, నట్టూ బోల్టూ ఒకే ముద్దయి తిరుగుతాయి.

ఇవేవీ కుదరకపోతే బోల్టును తోక వైపు నుంచి పట్టుకోవాలి. నట్టు దాటి తోక కొంచెం బయటికి వచ్చి ఉంటే హాక్సాతో దానికి అడ్డంగా గాడి కోసి స్క్రూడ్రైవరుతో ఆపవచ్చు. తోక ఇంకా పొడవుంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి ఎదురు బిగించి, వాటికి ఒక పానా, లోపలి నట్టుకు ఒక పానా వేయవచ్చు. అరిగిన తల మీద చిన్న ఇనుపముక్క వెల్డింగు చేసి దాన్ని పట్టుకోవడం కూడా అలవాటైన పనే. నట్టును మాత్రమే గ్యాసుతో వేడిచేస్తే, 300 డిగ్రీలు పెరిగితే, 12 మిల్లీమీటర్ల రంధ్రం 0.04 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. లోపలి తుప్పు పొర చిట్లడానికి అది చాలు.

కానీ జిన్నింగ్ మిల్లులో గ్యాసు కాదు, గ్రైండరు కూడా తీయకూడదు. దూది నూగు యంత్రాల మీదా, దూలాల మీదా, మోటార్ల సందుల్లోనూ పేరుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ బోల్టు తీయాలంటే హాక్సా, ఉలి, నూనె, ఓపిక. అంతే.

జిన్నింగ్ మిల్లులో బోల్టు కథ కూడా వేరు. డబుల్ రోలర్ జిన్నులో రోలర్ల పక్కన కత్తి క్షణం ఆగకుండా ఊగుతుంది. ఆ ఊపు బోల్టుకు అడ్డంగా తగులుతుంది. అడ్డంగా వచ్చే ఊపు మరలను ఒకదాని మీద ఒకటి జరిగేలా చేస్తే, జరుగుతున్న ఆ క్షణంలో రాపిడి పట్టు మాయమై నట్టు దానంతటదే వదులవుతుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా చూపించాడు. స్ప్రింగు వాషరు దీన్ని ఆపలేదని కూడా ఆ పరీక్షలో తేలింది. మన దగ్గర ఇప్పటికీ స్ప్రింగు వాషరు మీద ఉన్నంత నమ్మకం ఇంకో దేని మీదా లేదు. నట్టు వదులవకుండా ఆపేది చాలినంత బిగువే.

పాత యంత్రాలతో ఇంకో చిక్కు, అంగుళాల మర. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణంతో మరకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలు అన్నాడు. ఇప్పటి మిల్లీమీటరు మర కూడా 60 డిగ్రీలే, కానీ చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం వేరు. అయిదు బై పదహారు అంగుళాల బోల్టు 7.94 మిల్లీమీటర్లు, కంటికి 8 మిల్లీమీటర్ల బోల్టులాగే ఉంటుంది. దాని మర దూరం 1.41, దీనిది 1.25. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు హాయిగా ఎక్కి ఆగిపోతుంది. అక్కడి నుంచి బలం పెడితే బోల్టు తిరుగుతుంది, లేదా మర పోతుంది. నూనె పోసినా లాభం లేదు. డబ్బాలో కలిసిపోయిన పాత నట్లు వాడేచోట ముందు అనుమానించాల్సింది దీన్నే.

కారం మిల్లుల్లో స్టెయిన్‌లెస్ బోల్టులు వాడతారు, తుప్పు పట్టదు కదా అని. తుప్పు పట్టదు నిజమే. కానీ స్టెయిన్‌లెస్ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టు మీద పొడిగా, వేగంగా తిప్పితే పైనున్న పల్చటి రక్షణ పొర గీసుకుపోయి, లోహం లోహానికి అతుక్కుపోతుంది. కొత్త నట్టు సగం దారిలో పట్టేసిందంటే ఇదే కారణం. ఆహారపు యంత్రాలకు అనుమతించిన గ్రీజు రాసి, మెల్లగా చేత్తో తిప్పాలి.

వేసవిలో గొర్రు కర్రులు తిప్పే రైతులకు, డ్రైవర్లకు నేను చెప్పేది ఇంతే. బోల్టు ఊడి చేతికి వచ్చినప్పుడే దాని మెడ చూడండి. చతురస్రం మూలలు గుండ్రబడి ఉంటే ఆ బోల్టును తిరిగి వేయవద్దు, కొత్తది కొనండి, 8.8 గుర్తు చూసి తీసుకోండి. మూలలు బాగుంటే వైరు బ్రష్షుతో మర రుద్ది, మరకు మాత్రమే గ్రీజు రాసి, నట్టును చివరిదాకా వేళ్లతో నడిపి చూడండి. వేళ్లతో నడవకపోతే పానా తీయకుండా నట్టు మార్చండి. గ్రీజు రాసిన మరకు పొడి మరకు పెట్టినంత బలం పెట్టవద్దు, పావు వంతు తగ్గించండి, లేకపోతే బోల్టు సాగిపోతుంది. పని చేయాల్సింది తొలకరికి ముందు. పదును తప్పిపోతుంటే చేను గట్టున ఎవరికీ ఈ లెక్కలు గుర్తుండవు.